గట్టు మీద రెండు బండ్లు

భీమవరం నుంచి కాళ్ళ గ్రామం వైపు వెళ్తూ తారురోడ్డు దిగి పుంత దారిలోకి మళ్ళితే, ఇక కనుచూపు మేరా రొయ్యల చెరువులే. చెరువుకీ చెరువుకీ మధ్య నల్లమట్టి గట్టు. దాని మీద ఒక బండే పడుతుంది. ఎదురుగా ఇంకో బండి వచ్చిందంటే ఇద్దరిలో ఒకరు వెనక్కి పోవాల్సిందే. అలివేలుమంగ గారు ఆ గట్టు మీద జీపు నడపడం మొదలుపెట్టిన రోజుల్లో ఆవిడకు ముందుకు నడపడం మాత్రమే వచ్చు.

అసలు ఆవిడ బండి నడుపుతారని ఎవరూ అనుకోలేదు, ఆవిడ కూడా అనుకోలేదు. పాలకొల్లు దగ్గర ఒక పల్లెటూళ్ళో రాజుల ఇంట పుట్టారు. పెళ్ళయి ఈ ఊరు వచ్చిన రోజు కారు వెనక అద్దాలకు ముదురాకుపచ్చ గుడ్డ తెరలు కట్టి తీసుకొచ్చారు. అప్పటికే చాలా ఇళ్ళల్లో ఘోషా సడలిపోయింది. ఆడపిల్లలు కాలేజీలకు వెళ్తున్నారు, సినిమాలకు వెళ్తున్నారు. కానీ అత్తగారు పాత మనిషి. వీధి అరుగు మీద మగవాళ్ళుంటే కోడలు హాల్లోకి కూడా రాకూడదు. ఆ అత్తగారు పోయాక కూడా మంగ గారికి ఆ అలవాటు పోలేదు. తమ చెరువులు ఊరికి ఏ దిక్కున ఉన్నాయని ఎవరైనా అడిగితే చటుక్కున చెప్పలేకపోయేవారు. రొయ్యలు వంటింట్లోకి వచ్చినప్పుడు చూడటమే తప్ప అవి పెరిగే నీళ్ళను ఆవిడ చూసింది లేదు. ఒక్కతే కూతురు. దానికి పెళ్ళి చేసి పంపాక ఇల్లు మరీ నిశ్శబ్దమైంది.

భర్త దుర్గాప్రసాదరాజు గారిది ఇంకో లోకం. తెల్లవారకుండానే మహీంద్రా జీపు తీసుకుని చెరువులకు వెళ్తే మధ్యాహ్నం భోజనానికి వచ్చేవారు. ఆ జీపంటే ఆయనకు ప్రాణం. బండి గురించి ఎవరైనా చిన్న మాట అంటే ఆయన ముఖం ఎర్రబడేది. ఒక మాఘమాసం పొద్దున్న చెరువు దగ్గర మేత చల్లిస్తూ ఉండగా ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట మెల్లగా తిరిగివచ్చింది. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయడం కూడా వచ్చింది. బండి నడపడం మాత్రం అయిపోయింది.

డ్రైవర్ని పెట్టారు. అతను కొన్నాళ్ళు చేసి గల్ఫ్ వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చినతను వాన పడితే గట్టు మీదికి రానన్నాడు. రాజు గారు వీధి వరండాలో కూర్చుని, ఫోన్లో కూలీలను అడిగి, వాళ్ళు చెప్పింది నమ్మాలో వద్దో తెలియక కోపం తెచ్చుకునేవారు. జబ్బు కన్నా చెరువు కంటికి కనపడకపోవడమే ఆయన్ని ఎక్కువ కుంగదీస్తోందని మంగ గారికి అర్థమైంది. ఒకరోజు పొద్దున్నే జీపు తాళం తీసుకుని ఆయన ముందు నిలబడ్డారు.

"ఏమండీ, ఎలా నడపాలో చెప్పండి."

"నీవల్ల కాదు మంగా. క్లచ్చు గట్టిది."

"మీవల్లా కాదుగా. పదండి."

ఎడమ వైపు సీట్లో కూర్చున్న మనిషికి కుడి చెయ్యి సరిగ్గా గేరు రాడ్డు మీదికి అందుతుంది. రాజు గారికి బాగున్న చెయ్యి అదే. అందుకని స్టీరింగూ, క్లచ్చూ, బ్రేకూ ఆవిడవి. గేరు ఆయనది. "క్లచ్చు" అనేవారు ఆయన. ఆవిడ తొక్కేవారు. ఆయన గేరు మార్చేవారు. ఇద్దరు మనుషులు కలిసి ఒక బండి నడపడం చూసి ఊళ్ళో వాళ్ళు మొదట నవ్వారు. కొన్ని వారాలకు ఆయన చెప్పాల్సిన అవసరం లేకుండా పోయింది. ఇంజను మోత మారగానే ఆవిడ కాలూ ఆయన చెయ్యీ ఒకేసారి కదిలేవి.

ఆ తర్వాత ఆయనకు జ్వరం వచ్చిన ఒకరోజు ఆవిడ ఒక్కరే వెళ్ళాల్సి వచ్చింది. గేర్లు తనే మార్చుకున్నారు. తిరిగొచ్చాక ఆ సంగతి చెప్పడానికి ఎందుకో నోరు రాలేదు. చివరికి ఆయనే అడిగారు.

"గేర్లు పడ్డాయా?"

"ఆఁ, పడ్డాయండి."

"మరి చెప్పవేం!" అని నవ్వారాయన. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

అలా ఆవిడ రోజూ చెరువులకు వెళ్ళడం మొదలైంది. మేత బస్తాలు వెనక వేయించుకుని గట్టు చివరి దాకా వెళ్ళి, అక్కడ మోటారు షెడ్డు దగ్గర బండి తిప్పుకుని వచ్చేవారు. వెనక్కి నడపాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఉదయభాస్కర్ వచ్చేవరకు.

ఉదయభాస్కర్‌ది పిఠాపురం. నలభై లోపు వయసు. పక్కనే ఉన్న చెరువులు లీజుకు తీసుకున్నాడు. ఆర్మీ వాళ్ళు వాడి వేలంలో అమ్మేసిన మారుతీ జిప్సీ ఒకటి కొని, దాని ఆకుపచ్చ రంగు కూడా మార్చకుండా తిరిగేవాడు. మొదటిసారి ఇద్దరి బండ్లూ గట్టు మీద ముక్కూ ముక్కూ ఆనేంత దగ్గరగా వచ్చి ఆగాయి. మంగ గారికి షెడ్డు పక్కనే ఉంది. నాలుగు గజాలు వెనక్కి వెళ్తే సరిపోతుంది. అతనికి గట్టు మొదలు దాకా దారి ఉంది. అతను హారన్ కొట్టి చూశాడు. ఆవిడ స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నారు. కాసేపు చూసి, అతనే అంత దూరమూ వెనక్కి నడుపుకుంటూ పోయాడు.

మర్నాడు షెడ్డు దగ్గరికి నడిచి వచ్చాడు.

"నమస్కారమండీ అమ్మగారూ. రాజులు వెనక్కి తగ్గరని విన్నాను గానీ, మరీ ఇంతలా అనుకోలేదండి."

పరాయి మగాడు ఎదురుగా నిలబడి అలా మాట్లాడటం ఆవిడకు అదే మొదలు. చెవులు వేడెక్కాయి. ఉన్న నిజం చెప్పేశారు.

"తగ్గకపోవడం కాదండి. నాకు రివర్సు రాదు."

అతను పెద్దగా నవ్వాడు. "మీకు రాదా అండి, బండికి రాదా?"

"బండికి అన్నీ వచ్చు. మహీంద్రా బండి అది."

"ఓహో. మాది మారుతీ అండి. వెనక్కి కూడా నడుస్తుంది."

ఆ మాట ఇంటికొచ్చి రాజు గారికి చెబితే ఆయన కర్ర నేలకేసి కొట్టారు. "వాడెవడు మన బండిని అనడానికి? రేపు నేనూ వస్తాను." మర్నాటి నుంచి రివర్సు పాఠం. గట్టు మీద, రెండు పక్కలా నీళ్ళు. "అద్దంలో చూడకు. మెడ తిప్పి చూడు. చక్రం కాదు, గట్టు చూడు," అని ఆయన అరుస్తూ ఉండేవారు. ఆవిడకు చెమటలు పట్టేవి. ఒకరోజు జిప్సీ దూరంగా కనపడగానే, షెడ్డు దాటి ముందుకొచ్చేసిన జీపును ఆవిడే తిన్నగా వెనక్కి నడిపించుకుని వెళ్ళి దారిచ్చారు. ఉదయభాస్కర్ పక్కనుంచి పోతూ బండి ఆపి, రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు.

"నేర్చేసుకుందండీ మీ బండి!"

"మీ బండిని చూసి జాలేసిందండి. పాపం, పెట్రోలు అయిపోతుందేమోనని దారిచ్చాను."

ఆ మాట తన నోటి నుంచి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియలేదు. ఇంటికి వెళ్ళేదాకా దాన్ని తలుచుకుని తనలో తనే నవ్వుకున్నారు.

అప్పట్నుంచి ఆ గట్టు మీద రోజూ ఏదో ఒకటి. జీపు శబ్దం వింటే తన రొయ్యలు భయపడి మేత తినడం లేదని అతననేవాడు. నాలుగు మేత బస్తాలు వేస్తే జిప్సీ నడుము వంగిపోతుందని ఆవిడనేవారు. రాజు గారు వచ్చిన రోజున షెడ్డు ముందు మంచం వేసుకుని కూర్చునేవారు. ఉదయభాస్కర్ టీ తాగడానికి వచ్చి ఆయనతో డీజిలు గొప్పా పెట్రోలు గొప్పా అని వాదన పెట్టుకునేవాడు. "అమ్మగారూ" పోయి "అక్కగారూ" వచ్చింది. ఆవిడ అతన్ని భాస్కర్ గారూ అనేవారు.

ఒక వైశాఖంలో రొయ్యల పట్టుబడి అయిపోయి చెరువులు ఎండగట్టిన సమయంలో పెద్ద పందెమే నడిచింది. ఎండిన చెరువు అడుగున ఒకచోట ఇంకా తడి ఆరలేదు. ఎవరి బండి దాన్ని దాటుతుందో చూడాలి. ఓడినవాళ్ళు అందరికీ తాటిముంజలు తెప్పించాలి. జిప్సీ తేలిగ్గా దాటిపోయింది. జీపు మధ్యకు వెళ్ళాక ఇరుసు దాకా దిగబడింది. ఉదయభాస్కర్ ఆనందం పట్టలేక వెనక్కి వచ్చి తాడు కట్టి లాగబోయాడు. జీపు బరువుకు జిప్సీ చక్రాలు అక్కడే తిరిగి తిరిగి అదీ దిగబడింది. చెరువు దున్నడానికి వచ్చిన ఎజ్రా తన ట్రాక్టరుతో ముందు ఒకదాన్ని, తర్వాత ఒకదాన్ని బయటకు లాగాడు.

"ఆయ్, మీ ఇద్దరూ గెలవలేదండి. మా ట్రాక్టరు గెలిచిందండి. ముంజలు నాకు తెప్పించండి," అన్నాడు ఎజ్రా. మంచం మీద రాజు గారు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. జబ్బు చేశాక ఆయన అలా నవ్వడం మంగ గారు చూడలేదు.

కానీ ఆ పందెం కబురు ఊళ్ళో పాకింది. రాజు గారి తమ్ముడు శ్రీనివాసరాజు గారు ఆ వారంలోనే వచ్చారు. మంగ గారు లోపల కాఫీ కలుపుతుంటే అన్ని మాటలూ వినపడ్డాయి.

"అన్నయ్యా, వదినగారికి ఈ కొత్త అలవాటేంటి? చెరువు గట్ల మీద పరాయి మనుషులతో పందేలు కాయడం బాగోలేదు. నలుగురూ నవ్వుతున్నారు. అమ్మ ఉంటే ఏమనేది?"

 రాజు గారు చాలా మామూలుగా అడిగారు. "రేపట్నుంచి పొద్దున్నే మేత నువ్వు తీసుకెళ్తావా? వర్షంలో కూడా? తీసుకెళ్తానంటే చెప్పు, మీ వదిన ఇంట్లో ఉంటుంది."

శ్రీనివాసరాజు గారు కాఫీ తాగి వెళ్ళిపోయారు. మంచి మనిషే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కానీ ఆ రోజంతా మంగ గారు ఆలోచనలో పడ్డారు. మరిది అన్నదాంట్లో ఒక్క మాట మాత్రం ఆవిడకు తప్పనిపించలేదు. తనది నిజంగానే కొత్త అలవాటు. పుట్టింట్లో ఆవిడ మంచి పిల్ల, అత్తింట్లో మంచి కోడలు. ఎవరితోనూ మాటకు మాట అనాల్సిన పని పడలేదు. ఆవిడ గెలిచినా ఓడినా పట్టించుకునేవాళ్ళు ఎవరున్నారు గనక? ఈ పిఠాపురం మనిషి మాత్రం ఆవిడ రాజు గారి భార్య అనో ఆడమనిషి అనో ఒక్క మెట్టు కూడా తగ్గలేదు. మొదటి రోజు నుంచీ ఇంకో బండి తోలే మనిషి కిందే లెక్కగట్టాడు. అందుకే ఆ మాటలు అంత తియ్యగా ఉంటాయేమో అనుకున్నారు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మర్నాడు మామూలుగానే వెళ్ళారు.

కరోనాకు రెండేళ్ళ ముందు, కార్తీకంలో అల్పపీడనం పట్టుకుంది. రోజుల తరబడి ఎండ లేదు. మబ్బు పడితే చెరువులో నీళ్ళకు గాలి అందదు, రొయ్యకు ఊపిరి ఆడదు. నీళ్ళు చిలికే ఫ్యాన్లు ఆగకుండా తిరుగుతుండాలి. అలాంటప్పుడే కరెంటు పోయింది. జనరేటర్లు పెట్టారు. ఒక మధ్యాహ్నం ఉదయభాస్కర్ దగ్గర డీజిలు అయిపోయింది. మంగ గారి షెడ్డులో ఉన్నదీ అడుగంటింది. పెట్రోలు బంకుకు పోయే దారి నీళ్ళల్లో ఉంది. మంగ గారి ఇంట్లో మాత్రం నిండు డ్రమ్ములున్నాయి.

ఆవిడ డ్రమ్ములు జీపులో వేయించుకుని వచ్చారు. గట్టు ఎక్కగానే తెలిసిపోయింది. వాన నీళ్ళు తాగిన నల్లమట్టి వెన్నలా ఉంది. కొంచెం దూరం వెళ్ళేసరికి బరువుకు వెనక చక్రం జారి గట్టు అంచుకు వచ్చేసింది. ఇంకో జానెడు జరిగితే డ్రమ్ములతో సహా చెరువులోకే. ఆవిడ బ్రేకు మీద కాలు పెట్టి బిగుసుకుపోయారు. ఉదయభాస్కర్, కూలీలు పరుగెత్తుకొచ్చి, తాళ్ళు వేసి, జీపును మెల్లగా తారురోడ్డు మీదికి చేర్చారు.

వానలో తడుస్తూ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అక్కగారూ, డ్రమ్ములు నా బండిలో వేద్దామండి."

"వేయండి. నేనూ వస్తాను. వెనక పట్టుకునేవాళ్ళుండాలి."

అంతకాలంలో ఆవిడ ఆ బండి ఎక్కడం అదే మొదలు. ఉదయభాస్కర్ రెండో గేరులో, ఎక్కడా ఆపకుండా, ఎక్కడా తొందరపడకుండా నడిపాడు. ఏ గట్టు మీద జీపు జారిందో అదే గట్టు మీద జిప్సీ నీళ్ళ మీద పడవలా సాగింది. ఆవిడ వెనక్కి తిరిగి డ్రమ్ము పట్టుకుని, చక్రాల కింద మట్టి ఎలా కదులుతోందో చూస్తూ కూర్చున్నారు. రెండు షెడ్లకూ డీజిలు అందింది. జనరేటర్లు మోగాయి. ఫ్యాన్లు తిరిగి నీళ్ళు తెల్లగా నురగెత్తాయి. ఊపిరి కోసం ఒడ్డుకు చేరిన రొయ్యలు కాసేపటికి లోపలికి వెళ్ళిపోయాయి.

అది మామూలు రోజైతే ఉదయభాస్కర్ నెలరోజులు వెక్కిరించాల్సిన విషయం. ఒక్క మాట అనలేదు. ఖాళీ డ్రమ్ము దించుతూ, "మీ డీజిలే బతికించిందండి," అన్నాడు. ఊళ్ళో కూడా అలాగే చెప్పాడు. బండి సంగతి ఎత్తలేదు. అతను ఎత్తలేదని ఆవిడకు తెలుసు. ఆవిడకు తెలుసని అతనికీ తెలుసు.

ఆ తర్వాతి వేసవి పంటకే అతని చెరువులకు తెల్లమచ్చ రోగం వచ్చింది. అది పడితే చేయగలిగిందేమీ ఉండదు. పక్కనున్న మంగ గారి చెరువులకు రాకుండా, అతనే తన నీళ్ళు బయటకు వదలకుండా కట్టేసి, మందు కొట్టించి, రొయ్యలన్నీ చచ్చేదాకా గట్టు మీద నిలబడ్డాడు. మంగ గారు ఆ పూట జీపు తీసుకోకుండా నడిచే వెళ్ళారు. 

"అన్నం తిన్నారా?"

"తింటానండి."

లీజు వదిలేశాడు. జిప్సీని రంపచోడవరం వైపు నుంచి వచ్చిన ఒకాయనకు అమ్మేశాడు. టూరిస్టుల్ని కొండల్లోకి తిప్పడానికట. బండి వెళ్ళిపోయాక ఇంటికి వచ్చి, రాజు గారి కాళ్ళకు దణ్ణం పెట్టి, "వెళ్ళొస్తానండి అక్కగారూ," అని మోటార్ సైకిల్ మీద ఎవరి వెనకో కూర్చుని వెళ్ళిపోయాడు.

ఆ చెరువుల్ని తీసుకున్నవాళ్ళు మోటార్ సైకిళ్ళ మీద వచ్చేవారు. జీపు కనపడగానే మర్యాదగా పక్కకు తప్పుకుని "మేడం" అనేవారు. ఆవిడ ఎవరికీ దారి ఇవ్వాల్సిన పని లేదు. ఎవరి దగ్గరా మాట పడాల్సిన పని లేదు.

"గట్టు వెడల్పయినట్టుందండి," అన్నారొకరోజు భర్తతో.

"అతను వెళ్ళాక నువ్వు బండి కడగడం కూడా మానేశావు మంగా," అన్నారాయన.

కరోనా వచ్చింది, పోయింది. రొయ్య ధర ఒక ఏడు పెరిగింది, ఒక ఏడు పడింది. జీపుకు ఇంజను పని చేయించారు. ఉదయభాస్కర్ అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు. బావమరిది ఎరువుల షాపులో కూర్చుంటున్నానని చెప్పేవాడు. ఆ ఫోన్లలో బండ్ల మాట ఎప్పుడూ రాలేదు.

కిందటేడు భాద్రపదంలో అతనే స్వయంగా వచ్చాడు. భీమవరం దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. జుట్టు సగం తెల్లబడింది. మనిషి వడిలినట్టున్నాడు. బావమరిదితో కలిసి మళ్ళీ రెండు చెరువులు తీసుకుంటున్నాడట, ఆ పక్కవే. చెరువు పనికి బండి కావాలి.

"ఈసారి మీ కంపెనీదే తీసుకుందామనుకుంటున్నానండి. థార్. అక్కగారు మొదట్నుంచీ చెబుతూనే ఉన్నారు. నేనే వినలేదు. ఓడిపోయాననుకోండి."

రాజు గారు కుడిచేత్తో మంచం పట్టె మీద చరిచారు. "విన్నావా మంగా! ఒప్పుకున్నాడు!"

మంగ గారు విన్నారు. ఎన్నేళ్ళుగానో వినాలనుకున్న మాటే. కానీ అతని గొంతులో పాత చిలిపితనం మచ్చుకైనా లేదు. తప్పు చేసి, దాన్ని ఒప్పుకోవడానికి వచ్చినవాడిలా మంచం అంచు మీద కూర్చున్నాడు. 

"షోరూముకు నేనూ వస్తాను. ఇద్దరం చూద్దాం," అన్నారావిడ.

షోరూము వాళ్ళు కొత్త థార్ నడిపి చూడమని ఇచ్చారు. మొదట ఆవిడే నడిపారు. బైపాస్ రోడ్డు దాకా వెళ్ళి వచ్చారు. స్టీరింగు వేలితో తిరుగుతోంది. క్లచ్చు దూదిలా ఉంది. తన పాత జీపుతో పోలిస్తే అది ఇంకో జన్మ. ఆవిడకు నిజంగా మనసైంది. తర్వాత ఉదయభాస్కర్ నడిపాడు. దిగి, బండి చుట్టూ తిరిగి, "బావుందండి. ఇదే ఖాయం చేసేద్దాం," అన్నాడు. ఆ బావుందన్న మాటలో బండి మీద ఇష్టం లేదు.

షోరూము బయట నీడలోకి పిలిచి ఆవిడ అడిగారు. "భాస్కర్ గారూ, మీకిది నిజంగా నచ్చిందా?"

"మంచి బండే కదండి."

"చాలా మంచి బండి. రేపు మా జీపు మూలపడితే నేను కొనేది ఇదే. మీకు మాత్రం వద్దు."

అతను అయోమయంగా చూశాడు.

"ఆ వానల్లో డీజిలు వేసుకెళ్ళినప్పుడు నేను మీ పక్కనే కూర్చున్నాను కదా. ఆ గట్టు మీద తేలిక బండే నయం. జీపు వల్ల కాలేదు, మీ దానివల్ల అయింది. కళ్ళారా చూశాను."

"మీరెప్పుడూ అనలేదేంటండీ ఆ మాట!"

"మీరు అడిగితే కదా. అడిగినా చెప్పేదాన్ని కాదు."

ఉదయభాస్కర్ పెదవుల మీద నవ్వు వచ్చీ రానట్టు ఉంది.

"మీ జిప్సీ చేసిన వాళ్ళే ఇప్పుడు చిన్నది ఇంకోటి తెచ్చారటగా, జిమ్నీ అని. అది చూశారా అసలు?"

"చూడలేదండి. మళ్ళీ అదే దారి ఎందుకని..."

"అదీ సంగతి. మీరు థార్ కొంటున్నది నచ్చి కాదు. పాతదేదీ వద్దనుకుని కొంటున్నారు. రొయ్యకు రోగం వచ్చిందండి. దానికి బండి ఏం చేసింది? మీరు మాత్రం ఏం చేశారు?"

అతను తల తిప్పుకుని రోడ్డు మీద పోతున్న ఐసు లారీల వైపు చూస్తూ నిలబడ్డాడు.  జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. చెమట అనుకోమన్నట్టు కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఆవిడ మరోవైపు చూశారు.

"అయినా మీరూ ఇదే కొంటే గట్టు మీద మనం ఏం మాట్లాడుకుంటామండి? నమస్కారం పెట్టుకుని పోవడమేనా?" అన్నారు కాసేపటికి.

అప్పుడు నవ్వాడతను. "మీరు ఓడిపోతారని భయపడుతున్నారండీ అక్కగారూ. ఒకే బండి అయితే ఎవరు బాగా నడుపుతారో తేలిపోతుందని."

"అలాగే అనుకోండి," అన్నారావిడ. ఆ గొంతు వినగానే గుండెల మీంచి బరువు దిగింది.

ఇంటికొచ్చి జరిగింది చెబితే రాజు గారికి మతి పోయినంత పనైంది.

"గెలిచిన ఆట చేజేతులా పోగొట్టుకున్నావు. నువ్వు మన మనిషివేనా మంగా?"

"అతను ఓడిపోయి వచ్చాడండి. నేను గెలిచిందేముంది అందులో?"

 రాజు గారి చూపు కాసేపు తన ఎడమ చేతి మీద నిలిచింది. "సర్లే," అన్నారు.

కార్తీకంలో ఉదయభాస్కర్ జిమ్నీ కొన్నాడు. పిఠాపురంలో అమ్మవారి గుడి దగ్గర పూజ చేయించి తిన్నగా వీళ్ళ ఇంటికే తెచ్చాడు. మంగ గారు బండి చుట్టూ తిరిగి, డిక్కీ తెరిచి చూసి, "మేత బస్తాలు ఎక్కడ పెడతారండీ, ఒళ్ళోనా?" అన్నారు. అతను ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నవాడిలా, మీ జీపు అద్దెకు తీసుకుంటానన్నాడు. రాజు గారిని ఒక రౌండు వేద్దాం రమ్మంటే ఆయన రానన్నారు. మర్నాడూ రానన్నారు. ఒక వారం అలా బెట్టు చేసి, మంగ గారు బజారుకు వెళ్ళిన పూట చూసుకుని ఎక్కారు.

ఆవిడ తిరిగొచ్చేసరికి వరండాలో మంచం ఖాళీగా ఉంది. కర్ర కూడా లేదు. కంగారుపడి వీధిలోకి వచ్చేసరికి, చెరువుల వైపు నుంచి జిమ్నీ వస్తోంది. ఎడమ సీట్లో రాజు గారు అద్దం దించుకుని, ముఖం గాలికి పెట్టి కూర్చున్నారు. ఉదయభాస్కర్ ఆయన్ని పట్టుకుని దించి మంచం దాకా తీసుకొచ్చాడు.

"ఎలా ఉందండీ బండి?" అని అడిగారు మంగ గారు.

"హారను బావుంది," అన్నారాయన.

"హారనేనా?"

"హారనే," అని ఆయన కాఫీ తెమ్మన్నారు.